మట్టిని తట్టిన చెయ్యి

తాండూరులో అఫ్సర్ పేరెత్తితే జనం రెండు ముక్కలు చెబుతారు. స్నేహితుడి చెయ్యి విరగ్గొట్టాడు, కన్నతండ్రిని పదిమందిలో మట్టిలోకి ఎత్తి కొట్టాడు. రెండూ నిజమే. రెండూ నా కళ్ళ ముందే జరిగాయి. అయినా ఆ మాటలు అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. చూసిందంతా చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరూ లేరు. ఇన్నాళ్ళూ నేనూ చెప్పలేదు.

నా పేరు కస్తూరమ్మ. బస్టాండు వెనక సందులో గేమ్‌ల దుకాణం నాదే. మా ఆయన కైలాసం దాన్ని సీడీలు అద్దెకిచ్చే కొట్టుగా మొదలుపెట్టాడు. సీడీల కాలం పోయింది, తర్వాత ఆయనా పోయాడు. దుకాణం నాకు మిగిలింది. రెండు టీవీలు, ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను. నేను ఒక్క ఆటా ఆడి ఎరగను. కానీ పన్నెండేళ్ళుగా బల్ల దగ్గర కూర్చుని చూస్తున్నదాన్ని. ఏ ఫైటరు ఏ కాలితో తంతాడో, ఎవడి మెడ ఎప్పుడు విరుగుతుందో చిక్కుడుకాయ ఒలుస్తూ చెప్పగలను. తెరమీద రోజుకు రెండొందల మంది చస్తారు, రెండొందల మందీ లేచి కూర్చుంటారు. అందుకే మా దుకాణంలో దెబ్బకు విలువ లేకుండా పోయింది. అది నా తప్పే అనుకోండి.

నాకు కోపం ఎక్కువ. ఈ కథకు అది కావాలి కనుక ముందే చెబుతున్నాను. నా గొంతు సందు ఈ చివర లేస్తే ఆ చివర కుక్కలు లేస్తాయని మా ఆయన నవ్వేవాడు.

అఫ్సర్ నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తాడు. సాయంత్రం ఐదింటికి మోచేతుల దాకా తెల్లటి రాతిబురద ఎండిపోయి, అలాగే వచ్చి కూర్చునేవాడు. ‘చేతులు కడుక్కోకుండా నా సామాను ముట్టుకుంటే తంతాను’ అంటే ఒక్క మాట ఎదురు చెప్పకుండా వెళ్ళి కడుక్కునేవాడు. ఆరడుగుల మనిషి. చెవులు రెండూ నలిగి ముద్దకట్టి ఉంటాయి. కుస్తీలు నేర్పే తాలీంలో పెరిగినవాళ్ళ చెవులు అంతే. పన్నెండేళ్ళ లోపే ఎదుటివాడి తలకాయ కింద నలిగి అలా గడ్డకడతాయి.

వాడు ‘అబ్బా’ అని పిలిచే వాళ్ళ నాన్న తాజ్ మొహమ్మద్ ఆ తాలీంకి ఉస్తాద్. మా చుట్టుపక్కల కుస్తీ పట్టినవాళ్ళు సగంమంది ఆయన చేతికింద మట్టి పూసుకున్నవాళ్ళే. పెద్దమనిషి. ఐదు పూటలా నమాజు తప్పడు, ఒకరి జోలికి పోడు. కానీ మట్టిగుంతలోకి దిగాడంటే ఆయనకు కొడుకూ లేడు, కూతురూ లేదు. ఆ గుంతలో ఒక కట్టుబాటు ఉంది. పట్టు పట్టాక ఉస్తాద్ ‘బస్’ అనేదాకా వదలకూడదు. ఎదుటివాడు ఏడ్చినా, తిట్టినా, మూర్ఛపోయినా సరే. వీపు మట్టికి అంటిందా లేదా చూసేది ఉస్తాద్ కళ్ళు. పట్టినవాడి కళ్ళకు ఆ పని లేదు.

అఫ్సర్ ఆ కట్టుబాటు ఒక్కసారి తప్పాడు. పన్నెండేళ్ళప్పుడు. ఆ సంగతి వాడే చెప్పాడు, నవ్వుకుంటూ.

“ఏడ్సిండని వదిలిన అక్కా. గంతే. అబ్బా బాయి తాడు దీస్కొని నీళ్ళల్ల ముంచి కొట్టిండు. గుంతలనే. లెక్క వెట్టిన గని ముప్పై దాటినంక మర్శిన. అమ్మీ వచ్చి మీద పడేదాంక కొట్టిండు.”

“మరి నవ్వుతవేందిరా?”

“అటెన్క ఎన్నడు వదల్లే గద!” అన్నాడు. వీపు మీద ఆ తాడు గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి మనిషి ఊళ్ళో ఇంకెవరి మీదా చెయ్యెత్తగా నేను చూడలేదు. యూనిట్‌లో తోటివాడు వీడి కాలిమీద బండ వదిలేస్తే, బొటనవేలు చితికి రక్తం కారుతుంటే, వాడి మీద అరిచిన మేస్త్రీని ‘ఊకో అన్నా, పిల్లగాడు గాబరైతుండు’ అని ఆపినవాడు.

వినయ్ వికారాబాద్ పిల్లవాడు. పప్పు మిల్లులో కాంటా దగ్గర పని. రోజూ పొద్దున రైలుకు వచ్చి సాయంత్రం రైలుకు పోతాడు. ఆ రెండింటి మధ్య ఖాళీ ఉంటే నా దుకాణమే. చిన్నప్పుడు స్పోర్ట్స్ హాస్టల్లో ఉండి జూడో నేర్చుకున్నాడు. సన్నగా ఉంటాడు కానీ నరాలన్నీ తాళ్ళే. నోరు మాత్రం అదుపులో ఉండదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, వీడికి ఏ ఊరూ మంచిది కాలేదు, అఫ్సర్ ఒక్కడు తప్ప.

ఇద్దరూ రెండేళ్ళు ఒకే టీవీ ముందు కూర్చున్నారు. ఒకే డబ్బాలో తిన్నారు. తెరమీద ఓడినవాడి భుజం మీద గెలిచినవాడు పిడికిలితో గుద్దాలని వాళ్ళ రూలు. అవి ఉత్తుత్తి గుద్దులు కావు. వినయ్ చొక్కా విప్పితే భుజం ఎప్పుడూ వంకాయ రంగులో ఉండేది. అఫ్సర్ భుజమూ అంతే. కొట్టుకోవడమే వాళ్ళ మాటలు.

ఆ వేసవికి వినయ్‌కి కానిస్టేబుల్ సెలక్షన్ వచ్చింది. పరుగు అయింది, రాత పరీక్ష అయింది, కాగితాలు చూడ్డం కూడా అయింది. ఇక డాక్టరు పరీక్ష ఒక్కటే మిగిలింది. ఒంట్లో అన్ని కీళ్ళూ సరిగా ఉంటే చాలు, ఉద్యోగం చేతికొచ్చినట్టే. మూడో ప్రయత్నం. వయసు దాటిపోతోంది, నాలుగోది లేదు. “పెయ్యి మీద గీత వడొద్దు నీకు, సైకిల్ గూడ తొక్కకు” అని నేనే వెయ్యిసార్లు చెప్పాను. అఫ్సర్ అయితే భుజం మీద గుద్దడం కూడా మానేశాడు.

సరిగ్గా అప్పుడే ఆ కొత్త ఆట కబురు వచ్చింది.

వేరువేరు ఆటల్లో ఉన్న ఫైటర్లందరినీ తెచ్చి ఒకే బరిలో దింపుతారట. మా పిల్లలు దాన్ని ‘మిక్స్’ అనేవారు. నాలుగు ఆటల వాళ్ళుంటారని, మూడు పేర్లు కంపెనీ ముందే చెప్పేసింది. నాలుగోది ఏదో ఇంకా చెప్పలేదు. ఆ ఒక్క ఖాళీ మా దుకాణాన్ని తగలబెట్టింది. పొద్దున లేస్తే అదే గొడవ. ఫోన్లలో ఎవడో ఏదో చెప్పాడని అరుపులు. అఫ్సర్, తాండూరు పిల్లలందరూ నాలుగోది ‘మడ్ కింగ్స్’ అనేవారు. అది మట్టిలో పట్టే కుస్తీల ఆట. వినయ్, రైలు బ్యాచీ ‘మ్యాట్ లెజెండ్స్’ అనేవారు. అది పరుపు మీద పట్టే జూడోలాంటి ఆట. అందులో కీలు విరిచే పట్టు పడితే కిందివాడు చేత్తో మూడుసార్లు నేలను తడతాడు. తట్టగానే గంట మోగుతుంది, పైవాడు వదిలేస్తాడు. ఆ తట్టడం నేను కొన్ని వేలసార్లు చూశాను. కూర మాడుతున్నా ఆ గంట వినబడితే ‘అయిపోయింది, లేవండి, తర్వాతి వాళ్ళు రండి’ అనేదాన్ని.

గొడవంతా అక్కడే మొదలైంది. ఈ రెండు ఆటల వాళ్ళూ ఒకే బరిలో దిగితే ఎవరి రూలు నడుస్తుంది?

“తట్టినంక వదలాలె. ప్రపంచమంత గదే రూలు” అన్నాడు వినయ్.

“మట్టిల తట్టుడు లేదు భై. వీపు అంటాలె, లేకుంటె పోట్లాట నడుస్తనే ఉంటది.”

“చెయ్యి ఇర్గినా?”

“ఇర్గక ముందే వీపు వెట్టుమను. ఎవడొద్దన్నడు?”

“అందుకే మీ ఆటను తీస్కోరు. అది కుస్తీ గాదు, ఎడ్ల కొట్లాట.”

ఇలా వారం రోజులు. అందరూ నవ్వుకునేవారు, నేనూ నవ్వాను. ఎనిమిదో రోజు నవ్వు ఆగింది. మడ్ కింగ్స్ రాదని ఫోన్లో ఎవడో రాశాడట. వినయ్ లేచి గంతులేశాడు. గంతులేస్తే వేశాడు, ఊరుకున్నాడా?

“మీ అబ్బా జిందగీల ఏం నేర్పిండ్రా నీకు? ఇంత మట్టి పూస్కొని గొడ్డు లెక్క మీద పడుడు! గా ముసలాయన్ను ఏ బరిల రానిస్తరు?”

అఫ్సర్ లేవడం నేను చూడలేదు. చూసేసరికి వినయ్ గోడకు అతుక్కుని ఉన్నాడు, అఫ్సర్ చెయ్యి వాడి గొంతు మీద ఉంది. వినయ్ మోకాలితో కడుపులో పొడిచాడు. కుర్చీలు ఎగిరాయి. ఒక కుర్చీ కాలు విరిగి ఎవడి వీపుకో తగిలింది. పిల్లలందరూ రెండు ముఠాలై ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒకడు ఇంకొకడి తలను బల్లకేసి కొట్టాడు. నా కూరగాయల కత్తి కిందపడితే నేను దాన్ని కాలితో తొక్కిపెట్టి, “అఫ్సర్! వినయ్! ఆగుండ్రి!” అని అరిచాను. అఫ్సర్ ఆగాడు. నా గొంతు వినగానే చేతులు దించేశాడు. వినయ్ ఆగలేదు. చేతికందిన కంట్రోలర్ తీసి అఫ్సర్ మొహంకేసి విసిరాడు. అఫ్సర్ తల పక్కకు తిప్పాడు. అది వచ్చి నా నుదుటికి తగిలింది.

మూడు కుట్లు పడ్డాయి. రక్తం కంట్లోకి కారుతుంటే కొంగు అడ్డం పెట్టుకుని వినయ్ వైపు చూశాను. వాడు ‘అయ్యో’ అనలేదు. “అది వానికి విసిరిన, నీకు గాదు” అన్నాడు. అంతే. తప్పైపోయిందన్న ముక్క వాడి నోట రాలేదు.

నాకు కోపం నెత్తికెక్కింది. “మొగోళ్ళైతే నా దుకాణంల గాదు, ఎల్లుండి జాతరల మట్టిల సూస్కోండ్రి. అప్పుడు తెలుస్తది ఎవడి ఆట ఆటనో!” అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇంకెవరూ కాదు.

కాగ్నా ఏరు అవతల, కర్ణాటక పొలిమేర ఊళ్ళో తేరు లాగిన మర్నాడు కుస్తీలుంటాయి. గెలిచిన చిన్నపిల్లలకు టెంకాయ ఇచ్చే కుస్తీతో మొదలై వెండి కడియం ఇచ్చే కుస్తీతో ముగుస్తాయి. మధ్యలో ఎవరు ఎవరినైనా పిలవవచ్చు. బరిలో దిగి పిడికెడు మట్టి తీసి ఎదుటివాడి చేతిలో పెడితే పిలిచినట్టు. పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టు. పుచ్చుకున్నాక ఆ మట్టి కట్టుబాటే కట్టుబాటు. వినయ్ ఆ మట్టి పెడతానని రైలంతా చాటింపు వేశాడు.

మర్నాడు పొద్దున అఫ్సర్ ఒక్కడే నా దగ్గరికి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

“అక్కా, వాడు మట్టి వెడ్తె నేను పుచ్చుకోక తప్పదు. అబ్బా ముంగట కాదనలేను. నువ్వు జెప్పు వానికి. నువ్వు జెప్పితె ఆగుతడు. పద్దెనిమిది రోజులల్ల పరీక్ష ఉన్నది వానికి.”

నా కుట్లు సలుపుతున్నాయి. అద్దంలో నా మొహం చూసుకుని అప్పుడే వచ్చి కూర్చున్నాను.

“వాడే వచ్చి నా కాళ్ళు వట్టుకొమ్మను. అప్పుడు జెప్త.”

“జర సోంచాయించు అక్కా.”

“పోరా, పో.”

పోయాడు. వినయ్ రాలేదు. రాడని నాకు తెలుసు.

జాతర రోజు మధ్యాహ్నం ఎండ దంచేస్తోంది. డప్పుల మోతకు చెవులు పనిచేయడం లేదు. అవతల కన్నడంలో, ఇవతల తెలుగులో ఒకటే కేకలు. ఆడవాళ్ళం ట్రాక్టరు ట్రాలీ ఎక్కి నిలబడ్డాం. బరి నాకు పదడుగుల దూరంలో ఉంది. వినయ్ లోపలికి దిగి, మట్టి తీసి అఫ్సర్ చేతిలో పెట్టాడు. అఫ్సర్ వాళ్ళ నాన్న వైపు చూశాడు. తాజ్ మొహమ్మద్ తల ఊపాడు. ఆయనకు ఈ గేమ్‌ల గొడవేమీ తెలియదు. వికారాబాద్ పిల్లవాడెవడో పిలిచాడు, కొడుకు పట్టాలి. అంతవరకే ఆయనకు తెలిసింది.

వినయ్ ఏమీ తక్కువ తినలేదు. మొదటి నిమిషంలోనే అఫ్సర్ నడుము కిందికి దూరి తుంటి మీదుగా విసిరాడు. మనిషి దబ్బున పక్కకు పడితే మట్టి మా ట్రాలీ దాకా లేచింది. పక్క అంటింది కానీ వీపు అంటలేదు. వినయ్ చేతులెత్తి గెలిచానన్నాడు. జనం గొల్లుమని నవ్వారు. ఆ నవ్వుకు వాడి మొహం నల్లబడింది. మళ్ళీ దూసుకొచ్చాడు. ఈసారి తల అఫ్సర్ ముక్కుకు తగిలి రక్తం బొటబొటా కారింది. అఫ్సర్ మట్టి తీసి ముక్కులో కుక్కుకుని మెడ పట్టాడు. ఇద్దరి మెడలు, చెవులు, పళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. వినయ్ వాడి కనుబొమ్మ మీద మోచెయ్యి దింపాడు. కనుబొమ్మ చీలింది. ఒక కన్ను మూసుకుపోయింది. అప్పుడు కూడా అఫ్సర్ వాణ్ణి నేలకు కొట్టడం లేదు, ఎత్తి కూర్చోబెడుతున్నాడు. ఎక్కడా విరక్కుండా వీపు మట్టుకు మట్టికి అంటించాలని చూస్తున్నాడు. అది నాకు కనిపించింది. కుస్తీ తెలిసినవాళ్ళందరికీ కనిపించింది.

“ఏం ముద్దు జేస్తున్నవ్‌రా!” అని తాజ్ మొహమ్మద్ కేక వేశాడు. “పడెయ్!”

అఫ్సర్ వాణ్ణి భుజం మీదికి లాగి తిప్పి కొట్టాడు. వినయ్ గాల్లోనే పిల్లిలా మెలి తిరిగి బోర్లా పడ్డాడు. జూడోవాళ్ళు అలాగే పడతారట. వీపు దక్కించుకోవడానికి మట్టికి కరుచుకుపోయాడు. అఫ్సర్ వాడి నడుము మీద మోకాలు పెట్టి, కుడిచెయ్యి వెనక్కి తీసుకుని పైకి మడిచాడు. బోర్లా పడ్డవాణ్ణి వెల్లకిలా తిప్పాలంటే తాలీంలో నేర్పే పట్టు అది. చెయ్యి నొప్పికి మనిషి తనంతట తనే తిరుగుతాడు. మట్టిలో పెరిగినవాడైతే తిరిగేవాడు. వినయ్ పరుపు మీద పెరిగినవాడు. తిరగలేదు.

ఎడమచేత్తో మట్టిని తట్టాడు. ఒకటి, రెండు, మూడు.

అఫ్సర్ చెయ్యి ఆగిపోయింది. వాడికి తెలుసు. రెండేళ్ళు ఆ తట్టుడు తెరమీద చూసినవాడికి తెలియదా? తల ఎత్తి ఉస్తాద్ వైపు చూశాడు. ఒక కన్ను రక్తంతో మూసుకుపోయింది. రెండో కన్ను ‘బస్ అను అబ్బా’ అని బతిమాలుతోంది. ఇరవై ఆరేళ్ళ మనిషి ఆ నిమిషాన పన్నెండేళ్ళ పిల్లవాడైపోయాడు. తాజ్ మొహమ్మద్‌కి ఆ తట్టుడు ఏమిటో తెలియదు. ఆయన డెబ్బై ఏళ్ళ బతుకులో ఎవడూ మట్టిని తట్టలేదు. కిందివాడు నొప్పికి చెయ్యి కొట్టుకుంటున్నాడనుకున్నాడు.

“తిప్పు!” అన్నాడు.

వినయ్ మళ్ళీ తట్టాడు. గబగబా తట్టాడు. వాడి మొహం మా ట్రాలీ వైపే ఉంది. ఒక చెంప మట్టిలో ఉంది, పళ్ళ సందుల్లో మట్టి ఉంది.

చుట్టూ ఉన్న ఆ వేలమందిలో దాని అర్థం తెలిసి ‘ఉస్తాద్, వాడు ఓడిపోయానంటున్నాడు’ అని అరవగలిగింది ఎవరో ఇప్పుడు మీకే తెలుస్తుంది. మా దుకాణం పిల్లలు అవతలి గట్టు మీద డప్పుల వెనక ఉన్నారు, వాళ్ళకు వినయ్ చెయ్యి కనిపించదు. నేను పదడుగుల్లో ఉన్నాను. నా గొంతు సంగతి చెప్పాను కదా. ఒక్క కేక వేస్తే చాలు.

నేను వెయ్యలేదు. నుదుటి మీద కుట్లు చెమటకు మండుతున్నాయి. ‘ఇంకొంచెం’ అనుకున్నాను. ఇంకొంచెం నొప్పి తెలియనీ, ఆ నోటికి బుద్ధి రానీ, అప్పుడు అరుస్తాను అనుకున్నాను. ఆ ఇంకొంచెం ఎంతసేపు? రెండు ఊపిరులు ఉంటుందేమో.

“తిప్పు రా!”

పచ్చి చెరకు విరిచినట్టు చప్పుడైంది. డప్పుల్లో కూడా వినబడింది. వినయ్ అరవలేదు. నోరు తెరుచుకుని ఉండిపోయింది. మోచెయ్యి ఉండాల్సిన వైపు కాకుండా ఇంకో వైపు తిరిగి ఉంది. మనిషి మెత్తబడి దొర్లాడు, వీపు మట్టికి అంటింది. ఉస్తాద్ అప్పుడు ‘బస్’ అన్నాడు. జనం ఈలలు వేశారు.

తాజ్ మొహమ్మద్ బరిలోకి దిగి కొడుకు చెయ్యి పట్టి పైకెత్తబోయాడు. అఫ్సర్ ఆ చెయ్యి విదిలించుకుని, తండ్రి నడుము పట్టి ఎత్తి నేలకేసి కొట్టాడు. డెబ్బై ఏళ్ళ మనిషి వీపు మొత్తం మట్టికి అంటింది. తలపాగా దూరంగా దొర్లింది. డప్పులు ఆగాయి.

“తడ్తుండు గద అబ్బా! ఓడిన్నంటుండు! నీకు కండ్లు లేవా!” అని అఫ్సర్ తండ్రి పక్కన నిలబడి ఏడ్చాడు.

తాజ్ మొహమ్మద్ లేవకుండా అలాగే కొడుకు వైపు చూశాడు. “తడితె ఏంది బేటా?” అని అడిగాడు. నిజంగా తెలియకే అడిగాడు. ఆ ప్రశ్న గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

వినయ్‌ని అఫ్సరే భుజాన వేసుకుని జీపు దాకా పరిగెత్తాడు. జీపులో వినయ్ వాళ్ళ అన్న అఫ్సర్‌ని చెంపలు వాచేలా కొట్టాడు. రాడ్డు తీసి మోకాలి మీద కొట్టాడు. అఫ్సర్ చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆ రెండు చేతులతో వినయ్ మోచేతిని కదలకుండా దవాఖాన దాకా పట్టుకునే ఉన్నాడు.

చెప్పిన రోజున వినయ్ కట్టుతోనే డాక్టరు పరీక్షకు వెళ్ళాడు. ఏం చెబుతారో అదే చెప్పారు. అఫ్సర్ మళ్ళీ తాలీం గడప తొక్కలేదు. తాజ్ మొహమ్మద్ గుంతను పూడ్చేశాడు. తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో ఉంటారు, మాటల్లేవు. ఇక ఆ మిక్స్ ఆట నాలుగో పేరు జాతరైన నెలకు బయటపడింది. మడ్ కింగ్స్ కాదు, మ్యాట్ లెజెండ్స్ కాదు. కార్టూన్ కుందేళ్ళు, ఎలుకలు సుత్తులతో కొట్టుకునే పిల్లల ఆట ఒకటుంది, దాన్ని తీసుకున్నారు. గోటితో పోయేదానికి మేం గొడ్డలి తెచ్చాం. ఆ సంగతి చదివి మా దుకాణంలో ఎవరూ నవ్వలేదు.

దీపావళి తర్వాత ఒక మధ్యాహ్నం వినయ్ వచ్చాడు. దుకాణంలో ఎవరూ లేరు. వచ్చి పాత కుర్చీలోనే కూర్చుని కంట్రోలర్ తీసుకున్నాడు. కుడి మోచెయ్యి సగం దాకే చాచుకుంటుంది. చిటికెన వేలు, పక్క వేలు స్పర్శ లేక బటన్ల మీద నిలవడం లేదు. కాసేపు చూసి పక్కన పెట్టేశాడు.

“అఫ్సర్ వస్తుండా?”

“లేదు. నా దుకాణం దిక్కే రాడు.”

“అన్న కేసు వెట్టుమంటుండు వాని మీద. కావాలని ఇర్గగొట్టిండని. వకీలు గూడ కేసు నిలవడ్తదన్నడు. రేపు సంతకం వెట్టాలె.”

ఇన్ని నెలలు ఊరంతా అఫ్సర్‌ని కసాయి అంటుంటే, అన్నవాళ్ళ మీద అరిచి నా కోపం నేను తీర్చుకున్నాను తప్ప అసలు మాట చెప్పలేదు. లేచి వాడి ముందుకు వచ్చి నిలబడ్డాను.

“వినయ్, వాని మీద వెట్టకు. వాడు ఆగిండు. వాళ్ళ నాయిన దిక్కు జూసిండు. ఆయనకు తెల్వదు. తెల్సినదాన్ని నేనున్న. నువ్వు తట్టుడు నేను జూసిన. మొదాలు మూడు పారీలే గాదు, మళ్ళ తట్టింది గూడ జూసిన. నోరు తెర్వలే. నీ మీది కోపంతోని తెర్వలే.”

చెప్పేశాను. వాడు నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను.

వినయ్ తలెత్తి నా నుదుటి మీద మచ్చ వైపు చూశాడు.

“తెల్సక్కా” అన్నాడు. “బోర్ల వడ్డంక అఫ్సర్ మొకం నాకు కండ్లవడలే. ఉస్తాద్ కండ్లవడలే. నువ్వొక్కదానివే కండ్లవడ్డవు. నేను తట్టింది నీకే.”